ఇంటి డెక్‌కు వినైల్

ఉత్తర అమెరికాలో ఇంటి వెనుక గోడకు ఆనించి, నేలకు ఎత్తుగా, స్తంభాల మీద కట్టే ఆరుబయటి వేదికను డెక్ అంటారు. దాని పైపలకలు, రైలింగులు, కొన్నిచోట్ల నీరు దిగకుండా పరిచే పైపొర పాలీవినైల్ క్లోరైడ్‌తో, అంటే పివిసితో తయారైతే ఆ పదార్థాన్ని వర్తకంలో వినైల్ అని పిలుస్తారు. వినైల్ కుళ్ళదు, చెదపట్టదు, రంగు వేయించమని అడగదు. బదులుగా ఎండకు సాగుతుంది, వేడెక్కితే మెత్తబడుతుంది, కొనేటప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది. వినైల్ డెక్ అని పేరున్నా అందులో వినైల్ ఉండేది సాధారణంగా పైభాగంలోనే. బరువు మోసే చట్రం మాత్రం కలపదే. ఈ ఒక్క సంగతి మీదనే ఈ పదార్థపు మంచిచెడులు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

డెక్ అంగాలు

డెక్ కింద భూమిలో కాంక్రీటు దిమ్మెలు ఉంటాయి. చలిప్రాంతాల్లో నేల ఎంత లోతు వరకు గడ్డకడుతుందో అంతకన్నా దిగువకు వీటిని దించాలి. లేకపోతే గడ్డకట్టిన నేల ఉబ్బి దిమ్మెను పైకెత్తుతుంది. దిమ్మెల మీద స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద జాయిస్టులనే అడ్డవాసాలు వరుసగా నిలుస్తాయి. జాయిస్టుల ఒక కొసను ఇంటి గోడకు బిగించిన లెడ్జర్ అనే పలక మోస్తుంది. అన్నిటికంటే పైన నడిచే పలకలు, చుట్టూ రైలింగు, దిగడానికి మెట్లు ఉంటాయి.

వినైల్ ఎంచుకోవడమంటే ఈ నిర్మాణంలో నడిచే పలకలకు, రైలింగుకు, మెట్ల పలకలకు పదార్థాన్ని ఎంచుకోవడమే. దిమ్మెలు, స్తంభాలు, దూలాలు, జాయిస్టులు, లెడ్జర్ ఆ నిర్ణయంతో మారవు. అవి ఎక్కువగా రసాయనాలను ఒత్తిడితో లోపలికి ఎక్కించిన సదరన్ పైన్ వంటి కలపతోనూ, కొద్దిచోట్ల ఉక్కు, అల్యూమినియంతోనూ కడతారు.

చరిత్ర

రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికా నగరాల చుట్టూ శివారు ఇళ్ళు విస్తరించినప్పుడు డెక్ కూడా వాటితో పాటు వ్యాపించింది. థామస్ చర్చ్ వంటి కాలిఫోర్నియా ఉద్యానశిల్పులు వాలు నేలల మీద, చెట్ల చుట్టూ రెడ్‌వుడ్ డెక్‌లు కట్టించి వాటికి పేరు తెచ్చారు. రెడ్‌వుడ్, సెడార్ పెరగని ప్రాంతాలకు డెక్‌ను చేర్చింది రసాయనం పట్టించిన పైన్ కలప. ఆ రసాయనం సిసిఎ. రాగి, క్రోమియం, ఆర్సెనిక్‌ల ఈ మిశ్రమాన్ని 1933లో దెహ్రాదూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో సొంటి కామేశం రూపొందించారు. ఆకుపచ్చని ఛాయతో ఉండే ఈ కలప చవకగా, మన్నికగా ఉండడంతో 1970ల నుంచి అమెరికా డెక్‌లలో అధికభాగం దానితోనే వెలిశాయి.

వినైల్ వచ్చిన దారి వేరు. పివిసిని 1872లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ గుర్తించి వర్ణించాడు. పెళుసుగా ఉండి ఎందుకూ పనికిరాదనుకున్న ఆ పదార్థాన్ని 1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సెమన్ మెత్తగా వంగేలా చేయగలిగాడు. తరువాత నీళ్ళ గొట్టాలు, కిటికీ చట్రాలు, గోడల మీది సైడింగ్ అనే తొడుగు మెత్తబరచని గట్టి రకంతో, అంటే రిజిడ్ పివిసితో తయారయ్యాయి. గొట్టాలు, కిటికీ చట్రాలు తయారుచేసే యంత్రాలే 1980లు, 1990లలో లోపల బోలుగా ఉండే డెక్ పలకలనూ తయారుచేశాయి.

మలుపు 2003లో వచ్చింది. ఆర్సెనిక్ మీద పెరిగిన ఆందోళనతో కలప పరిశ్రమ, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక ఒప్పందానికి వచ్చాయి. దాని ప్రకారం 2003 డిసెంబరు 31 తరువాత ఇళ్ళ డెక్‌లకోసం సిసిఎ కలప తయారీ ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన రాగి రసాయనాల కలప ఖరీదు పెరిగింది. అందులో రాగి పాళ్ళు ఎక్కువ కావడంతో మేకులూ త్వరగా తుప్పుపట్టసాగాయి. అప్పటిదాకా కలపకూ ప్లాస్టిక్‌కూ మధ్య ఉన్న ధరల అంతరం కొంత తగ్గింది. 2000ల మధ్యలో నురుగు గర్భం ఉన్న పివిసి పలకలు బజారులోకి వచ్చి, బోలు పలకలను చాలావరకు వెనక్కి నెట్టాయి.

రకాలు

వినైల్ పేరుతో అమ్మే డెక్ సామగ్రిలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. వీటి గుణాలు ఒకదానితో ఒకటి పోలవు కాబట్టి, ఏ రకం గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా వినైల్ మంచిదా కాదా అన్న చర్చకు అర్థం లేదు.

బోలు పలకలు: రిజిడ్ పివిసిని అచ్చు గుండా తోసి, లోపల అడ్డగోడలతో తయారుచేస్తారు. జాయిస్టులకు ముందుగా క్లిప్పులు బిగించి, పలకను వాటి మీద నొక్కితే పట్టుకుంటుంది. మరమేకు పైకి కనిపించదు. ఈ పలకలు తేలికగా ఉంటాయి, నీటి అంచున బాగా పనికొస్తాయి. అందుకే పడవల రేవుల్లో వీటికి ఆదరణ ఉంది. నడిస్తే డొల్ల చప్పుడు వస్తుంది. కొసల మూతలు ఊడితే నీరు లోపల చేరుతుంది. ఆ నీరు చలికాలంలో గడ్డకడితే గోడలు పగులుతాయి.

నురుగు గర్భపు పలకలు: పివిసిలో సన్నని గాలిగదులు ఏర్పడేలా నురగబెట్టి, పైన గట్టి పాలిమర్ తొడుగు వేస్తారు. ఈ తొడుగుకు ఎండను బాగా తట్టుకునే ఎఎస్ఎ అనే పాలిమర్‌ను తరచుగా వాడతారు. కలపలాగే కోయవచ్చు, రంధ్రం చేయవచ్చు. సుమారు ఒక అంగుళం మందం ఉంటుంది. ఎజెక్, వుల్ఫ్ వంటి పేర్లతో అమ్ముడయ్యే పివిసి పలకలు ఈ తరగతివి. ఇప్పుడు అమెరికాలో పివిసి డెక్ అంటే ఎక్కువమంది ఉద్దేశించేది వీటినే.

వినైల్ పొర: ఇది పలక కాదు, చాపలా పరిచేది. ప్లైవుడ్ మీద జిగురుతో అతికించి, అతుకులను వేడిగాలితో కరిగించి కలుపుతారు. మందం సుమారు 1.5 మిల్లీమీటర్లు. డెక్ కింద గది గాని, వాహనాలు నిలిపే చోటు గాని ఉంటే నీరు కిందికి దిగకుండా చేసేది ఇదే. వానలెక్కువగా ఉండే కెనడా పశ్చిమతీరంలోనూ, సియాటిల్ ప్రాంతంలోనూ దీనికి వాడుక ఉంది. మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్లు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోయి పొర బిరుసెక్కుతుంది.

ఈ మూడింటితో కలిపి గందరగోళపడేది కాంపోజిట్ పలక. ట్రెక్స్ వంటి కంపెనీల కాంపోజిట్‌లో ఉండేది రంపపు పొట్టు, పాలిథిలిన్. అది వినైల్ కాదు. అందులో కలప ఉంది కనుక తేమతో దానికి సంబంధం పూర్తిగా తెగదు. తొలితరం కాంపోజిట్ పలకల్లో బూజు, ఉబ్బు ఫిర్యాదులు రావడానికి కారణం అదే. తరువాతి తరం పలకలకు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు వేసి దీన్ని చాలావరకు అదుపు చేశారు.

పదార్థ లక్షణాలు

పివిసి బరువులో సుమారు 57 శాతం క్లోరిన్. అది ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణ చేయగా వస్తుంది. మిగిలినది ముడిచమురు నుంచో సహజవాయువు నుంచో వచ్చే హైడ్రోకార్బన్ భాగం. పివిసి నీటిని దాదాపు పీల్చుకోదు. శిలీంధ్రాలకు, చెదలకు అందులో తిండి లేదు. వినైల్ డెక్‌కు ఉన్న ప్రధాన ఆకర్షణ ఇదే. నల్లని మచ్చలు మాత్రం దాని మీదా వస్తాయి. పలక మీద పేరుకున్న పుప్పొడి, ఆకుల మట్టి మీద బూజు పెరుగుతుంది. అది కడిగితే పోతుంది, లోపలికి దిగదు.

పివిసికి అసలు శత్రువు ఎండ. అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి పాలిమర్ గొలుసు నుంచి హైడ్రోజన్ క్లోరైడ్‌ను విడదీస్తాయి. అప్పుడు పలక పసుపుబారి, పెళుసెక్కి, పైన సున్నంలాంటి పొడి రాలుతుంది. దీన్ని అడ్డుకోవడానికి టైటానియం డయాక్సైడ్, స్థిరీకరణ రసాయనాలు, దెబ్బకు పగలకుండా యాక్రిలిక్ వంటివి కలుపుతారు. టైటానియం డయాక్సైడ్ తెల్లని వర్ణద్రవ్యం. పైగా ముదురు రంగులు వేడిని ఎక్కువగా పీలుస్తాయి. అందుకే తొలినాటి వినైల్ డెక్‌లు తెలుపు, బూడిద, లేత గోధుమ రంగులకే పరిమితమయ్యాయి. ఎఎస్ఎ తొడుగు వచ్చాకే టేకు, వాల్‌నట్ ఛాయలు సాధ్యమయ్యాయి.

వేడి, వ్యాకోచం

పివిసి ఉష్ణ వ్యాకోచం డిగ్రీ సెల్సియస్‌కు మీటరు పొడవున సుమారు 0.06 మిల్లీమీటరు. కలప పొడవు దిశలో సాగేది ఇందులో పదోవంతుకు అటూఇటూ. 16 అడుగుల, అంటే 4.88 మీటర్ల వినైల్ పలకను 10 డిగ్రీల చల్లని ఉదయం బిగించి, వేసవి మధ్యాహ్నం దాని ఒంటి వేడి 60 డిగ్రీలకు చేరితే, కొస నుంచి కొసకు 15 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ మేరకు చోటు వదలకపోతే పలక మధ్యలో ఉబ్బుతుంది, లేదా మరమేకులను లాగుతుంది. ఎండ ఎక్కినప్పుడూ తగ్గినప్పుడూ వచ్చే టకటక చప్పుళ్ళు కూడా ఈ కదలికవే. కలపకు సమస్య ఇందుకు విరుద్ధం. అది తేమతో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది.

రిజిడ్ పివిసి 80 డిగ్రీల దగ్గర గట్టిదనం కోల్పోతుంది. అంతకు కొద్ది డిగ్రీల ముందే బరువుకు వంగడం మొదలవుతుంది. మామూలు ఎండకు లేత రంగు పలక ఆ స్థాయికి చేరదు. అయితే ఇంధనం ఆదాచేసే లో-ఇ కిటికీ గాజులు ఎండను తిప్పికొడతాయి. ఆ కిటికీల్లోని జోడు గాజులు స్వల్పంగా లోపలికి వంగినప్పుడు పుటాకార దర్పణంలా పనిచేసి, వెలుగును ఒక గీతగా కేంద్రీకరిస్తాయి. ఆ గీత పడినచోట సైడింగ్, డెక్ పలకలు రెండూ కరిగి వంకర తిరిగిన సందర్భాలున్నాయి. చాలా కంపెనీల వారంటీలు ఇలాంటి నష్టాన్ని మినహాయిస్తాయి. కిటికీకి బయట జాలీ బిగిస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది.

వట్టికాళ్ళతో నడిచేవారికి రంగు కీలకం. ఏ కంపెనీ పలకైనా ముదురు రంగు వేసవిలో కాళ్ళు కాలుస్తుంది. నమూనా ముక్కలను తెప్పించి, తమ పెరట్లో మధ్యాహ్నపు ఎండలో గంటసేపు ఉంచి ముట్టుకుని చూడటం కొనుగోలుదారులకు తేలికైన పరీక్ష.

బలం, చట్రం

రిజిడ్ పివిసి బిరుసుదనం సుమారు 3 గిగాపాస్కల్స్. నురుగు గర్భపు పివిసిది ఇంకా తక్కువ. సదరన్ పైన్ కలపది 10కి పైగా. పైగా ప్లాస్టిక్ మీద బరువు చాలాకాలం నిలిచి ఉంటే అది నెమ్మదిగా వంగిపోతుంది. పివిసి జాయిస్టులు, దూలాలు కనిపించకపోవడానికి కారణం ఇదే. పలకల కింద జాయిస్టులు మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాలకు మించకూడదని, పలకలు ఐమూలగా వేస్తే 12 అంగుళాలే ఉండాలని ఎక్కువ కంపెనీల నియమం. మెట్ల కింద ఆధారాలు మరింత దగ్గరగా ఉండాలి. 24 అంగుళాల ఎడంతో కట్టిన పాత చట్రం మీద వినైల్ వేయాలంటే ముందు మధ్యలో కొత్త జాయిస్టులు చేర్చాలి.

అమెరికాలో అనేక రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం డెక్ చదరపు అడుగుకు కనీసం 40 పౌండ్ల చరభారం, అంటే చదరపు మీటరుకు సుమారు 195 కిలోలు మోయాలి. 1,500 లీటర్ల నీరు పట్టే హాట్ టబ్ 4.5 చదరపు మీటర్ల చోటులో నీటి బరువే చదరపు మీటరుకు 330 కిలోలకు పైగా మోపుతుంది. దాని కింద ప్రత్యేకంగా ఇంజనీరు లెక్కకట్టిన ఆధారాలు లేకుండా ఏ డెక్ మీదా పెట్టకూడదు. డెక్ నేలకు 30 అంగుళాలకు మించి ఎత్తుంటే కనీసం 36 అంగుళాల రైలింగు ఉండాలి. దాని కడ్డీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. వినైల్ రైలింగు పైకి పూర్తిగా ప్లాస్టిక్‌లా కనిపించినా, బలం లోపల దూర్చిన అల్యూమినియం లేదా గాల్వనైజ్డ్ ఉక్కు కడ్డీది.

డెక్‌లు కూలడానికి పైపలకలు కారణమైన సందర్భాలు అరుదు. లెడ్జర్ గోడ నుంచి ఊడిరావడం, కింది కలప కుళ్ళడం, మోయగలిగిన దానికన్నా ఎక్కువమంది ఎక్కడం ప్రధాన కారణాలు. 2003 జూన్ 29న షికాగోలో జనంతో కిక్కిరిసిన చెక్క వరండా కూలి 13 మంది చనిపోయారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో అపార్ట్‌మెంట్ బాల్కనీ కూలి ఆరుగురు యువతీయువకులు మరణించారు. ఆ బాల్కనీ కింద మూసి ఉన్న జాయిస్టులు తేమకు కుళ్ళిపోయాయి. ఆ దుర్ఘటన తరువాత కాలిఫోర్నియా 2018లో చట్టం చేసి, మూడు లేదా అంతకుమించి నివాసాలున్న అద్దె భవనాల్లో ఇలాంటి చెక్క కట్టడాలను ఆరేళ్ళకోసారి తనిఖీ చేయించాలని నిర్దేశించింది. వినైల్ కొనేవారికి ఇందులో పాఠం ఉంది. చెడని పైపలక కింద చెడే కలప ఉన్నప్పుడు, ఆ చెడు కంటికి కనిపించడం మరింత ఆలస్యమవుతుంది.

అమరిక

లెడ్జర్ బిగించేముందు గోడ మీది సైడింగ్ తీసివేయాలి. లెడ్జర్‌ను మేకులతో కాక బోల్టులతో, లేదా అందుకే తయారైన మరలతో బిగించి, పైన నీరు మళ్ళించే రేకు వేయాలి. రాగి రసాయనాలున్న కలపకు అల్యూమినియం రేకు నేరుగా తగిలితే ఆ రసాయనాలు రేకును తినేస్తాయి కనుక వినైల్ రేకు గాని, కలపతో పొసగే మరో లోహం గాని వాడతారు. మరమేకులు వేడి జింకు పూత పూసినవో, స్టెయిన్‌లెస్ స్టీల్‌వో కావాలి. సముద్రతీరంలో 316 రకం స్టెయిన్‌లెస్ మేలు.

జాయిస్టుల నెత్తిన బ్యూటైల్ టేపు అతికిస్తే మరమేకుల రంధ్రాల గుండా నీరు కలపలోకి దిగదు. ఖర్చు తక్కువ. పలక 30 ఏళ్ళు మన్నుతుందని కొంటున్నప్పుడు చట్రం కూడా అన్నేళ్ళు నిలవడానికి ఇది తోడ్పడుతుంది. పక్కపక్క పలకల మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు, కొసల దగ్గర ఆ రోజు వేడిమిని బట్టి కంపెనీ పట్టికలో చెప్పినంత ఎడం వదలాలి. డెక్ కింద గాలి ఆడాలి. వినైల్ పొర వేసేచోట అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి.

ఊరి భవన విభాగం పర్మిట్, ఇళ్ళ సంఘమైన హెచ్ఓఏ అనుమతి ముందే తీసుకోవాలి. రంగుల మీద, రైలింగు తీరు మీద హెచ్ఓఏలు నియమాలు పెడతాయి. పలక ఎఎస్‌టిఎం డి7032 ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలిచిందో లేదో కంపెనీ పత్రాల్లో చూడవచ్చు. బరువుకు వంగడం, ఎండ, గడ్డకట్టి కరగడం వంటి పరీక్షలు అందులో ఉంటాయి.

వాడకం, నిర్వహణ

ఏడాదికి ఒకటి రెండుసార్లు సబ్బునీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. గీరుకుపోయే పీచులు, అసిటోన్ వంటి ద్రావకాలు వాడకూడదు. మంచును ప్లాస్టిక్ పారతోనే తీయాలి. రబ్బరు అడుగున్న కాలిపట్టాలు, పూలకుండీల చాపలు కొన్ని నెలలు అలాగే ఉంటే రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి దిగి మచ్చ మిగులుస్తాయి. ఆ మచ్చ కడిగినా పోదు. దోమల మందుల్లోని డీట్ కూడా ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తుంది. డెక్ మీద నిలబడి దాన్ని ఒంటికి చల్లుకోకపోవడం మేలు. పొడి గాలి ఉన్న ప్రాంతాల్లో పలకల మీద నడిస్తే ఒంటికి విద్యుదావేశం పట్టి, రైలింగు లోహం తాకినప్పుడు చిన్న షాక్ తగులుతుంది.

కంపెనీలు 25 నుంచి 50 ఏళ్ళ వారంటీలు ప్రకటిస్తాయి. అవి తరచుగా పలకకే గాని, దాన్ని మార్చే కూలికి వర్తించవు. ఏళ్ళు గడిచేకొద్దీ పరిహారం తగ్గుతుంది. ఇల్లు అమ్మితే వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో కూడా ముందే చదువుకోవాలి.

నిప్పు

పివిసిలోని క్లోరిన్ మంటను అణచివేస్తుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటే, రిజిడ్ పివిసి నిలకడగా మండడానికి అందుకు రెట్టింపు పైగా కావాలి. నిప్పు తీసేస్తే మంట ఆరిపోతుంది. అందుకే కొన్ని పివిసి పలకలు కాలిఫోర్నియా కార్చిచ్చు ప్రాంతాల నియమాలకు సరిపోతాయి. అయితే మండకపోవడం వేరు, చెడకపోవడం వేరు. బార్బెక్యూ నుంచి జారిన బొగ్గు, సిగరెట్టు కొస పలకను కరిగించి గుంట చేస్తాయి. గ్రిల్ కింద మంట తట్టుకునే చాప తప్పనిసరి. మండినప్పుడు వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులను, కళ్ళను మండిస్తుంది. డయాక్సిన్లూ ఏర్పడవచ్చు. మిగిలిన పలక ముక్కలను పెరట్లో తగలబెట్టకూడదు. పలకల సందుల్లో, డెక్ కింద ఎండుటాకులు పేరుకోనివ్వకూడదు. ఎగిరివచ్చే నిప్పురవ్వ అంటుకునేది ముందు వాటికే.

ఆరోగ్యం, పర్యావరణం

తయారైన వినైల్ పలక మీద నడవడం వల్ల హాని ఉందనడానికి ఆధారం లేదు. ప్రమాదం తయారీలోనూ, రవాణాలోనూ ఉంది. పివిసికి మూలపదార్థమైన వినైల్ క్లోరైడ్ వాయువు క్యాన్సర్ కారకం. 1974లో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లోని గుడ్‌రిచ్ కర్మాగారపు కార్మికుల్లో అరుదైన కాలేయ క్యాన్సర్ బయటపడింది. తరువాత కార్మికులు పీల్చే గాలిలో దాని సగటును పదిలక్షలకు ఒక పాలుకు పరిమితం చేశారు. 2023 ఫిబ్రవరి 3న ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్‌లో గూడ్సురైలు పట్టాలు తప్పినప్పుడు, ఐదు ట్యాంకర్లలోని వినైల్ క్లోరైడ్‌ను మూడు రోజుల తరువాత బయటికి వదిలి కాల్చివేశారు. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

పలకలను కోసేటప్పుడు రాలే పొట్టు మట్టిలో కలిసిపోదు. కోసేచోట కింద పట్టా పరచి ఏరివేయాలి. వాడేసిన పివిసిని సిద్ధాంతరీత్యా తిరిగి కరిగించవచ్చు. కొన్ని కంపెనీలు వాడేసిన పివిసిని కొత్త పలకల్లో కలుపుతున్నాయి. అయినా ఊడదీసిన డెక్ పలకలను సేకరించే ఏర్పాటు చాలా ఊళ్ళలో లేదు. వాటిలో అధికభాగం చెత్తదిబ్బలకే చేరుతుంది. కలపకూ ఈ విషయంలో మచ్చలేని చరిత్ర లేదు. సిసిఎ కలపలో ఆర్సెనిక్ ఉంది. బ్రెజిల్ నుంచి వచ్చే ఇపే కలప అడవుల నరికివేతకు కారణమవుతోందని అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం 2022లో దాని వ్యాపారాన్ని నియంత్రణ కిందికి తేవాలని నిర్ణయించింది.

ఇతర పదార్థాలతో పోలిక

కొనేటప్పుడు అన్నిటికన్నా చవక రసాయనం పట్టించిన పైన్. రెండు మూడేళ్ళకోసారి రంగో, నీరు పట్టని పూతో వేయాలి. లేకపోతే పగుళ్ళు, పెచ్చులు వస్తాయి. సెడార్, రెడ్‌వుడ్ అందంగా, కాలికి చల్లగా ఉంటాయి గాని పూత వాటికీ కావాలి. ఇపే చాలా దృఢం. రంపాలను మొద్దుబార్చేంత గట్టిది, ఖరీదైనది. తొడుగు వేసిన కాంపోజిట్ మధ్య ధరల్లో దొరుకుతుంది. పివిసికన్నా బరువు. అల్యూమినియం మండదు, తుప్పుపట్టదు గాని ఖరీదు ఎక్కువ, రూపం అందరికీ నచ్చదు. నురుగు గర్భపు పివిసి ధరలో పైవరుసలోనే ఉంటుంది. తేమను తట్టుకోవడంలో కలపనూ కాంపోజిట్‌నూ మించుతుంది. ఈతకొలను పక్కన, చెరువుగట్టున, ఎప్పుడూ నీడగా తేమగా ఉండే పెరళ్ళలో ఆ అదనపు ధర దండగ కాదు.

తెలుగువారి ఇళ్ళలో

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి డెక్ అవసరం ఊరిని బట్టి మారుతుంది. డాలస్ చుట్టుపక్కల చదునైన నేల మీద, కాంక్రీటు పలక మీద కట్టిన ఇళ్ళలో పెరటివైపు ప్యాషియో అనే నేలబారు చపటా ఎక్కువ. అట్లాంటా శివార్లు, ఉత్తర వర్జీనియా, న్యూజెర్సీల్లో వాలు నేలల మీద బేస్‌మెంట్ పెరట్లోకి తెరుచుకునే ఇళ్ళకు, వంటింటి అంతస్తు నుంచి బయటికి అడుగుపెట్టాలంటే ఎత్తైన డెక్ కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ చట్రం నాణ్యత ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది. గృహప్రవేశం, బతుకమ్మ, పుట్టినరోజు వంటి సందర్భాల్లో యాభై అరవై మంది ఒక్కసారి డెక్ మీదికి చేరే ఇళ్ళు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి.

దీపావళి ప్రమిదలను నేరుగా వినైల్ మీద కాకుండా లోహపు పళ్ళెంలో పెట్టాలి. కాకరపువ్వొత్తి రవ్వలు వెయ్యి డిగ్రీల వేడి మించుతాయి. వాటిని డెక్ మీద కాక నేల మీదే కాల్చాలి. పులుసు ఒలికి పసుపు మరక పడితే వెంటనే కడగాలి. మిగిలిన ఛాయ ఎండకు వెలిసిపోతుంది, ఎందుకంటే పసుపులోని కర్క్యుమిన్ వెలుగుకు విచ్ఛిన్నమవుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చట్రం మీద నిలిచే డెక్ అరుదు. ఇక్కడి అపార్ట్‌మెంట్ బాల్కనీలు, డాబాలు కాంక్రీటువి. వాటి మీద అలంకరణకు డెక్ పలకలు, టైల్సు పరుస్తారు. డబ్ల్యుపిసి పేరుతో ఇక్కడ అమ్మే బోర్డులు ఎక్కువగా పివిసిలో కలపపొడి కలిపినవి. అలమారాలకు, తలుపులకు తయారైన లోపలి రకాన్ని ఎండలో పరిస్తే త్వరగా పాడవుతుంది. బయట వాడే రకమని రాతపూర్వకంగా తీసుకోవాలి. డాబా మీద పరిచేటప్పుడు పలకల కింద నీరు పారే దారి, నీటి గొట్టం మూత తీయగలిగే వీలు వదలాలి. చెదలు ఎక్కువగా ఉండే ఇళ్ళకు పివిసి అనుకూలమే గాని, రాయలసీమ, తెలంగాణ వేసవులకు లేత రంగు తప్ప మరొకటి తగదు.

ఎంపిక

చట్రం కొత్తది, సరిగ్గా బోల్టులు బిగించినది, జాయిస్టుల ఎడం సరిపోయేది అయితే, తేమ ప్రాంతంలో చాలాకాలం ఉండబోయే ఇంటికి నురుగు గర్భపు వినైల్ మంచి ఎంపిక. కొద్ది ఏళ్ళలో ఇల్లు మారేవారికి దాని ధర తిరిగి రావడం కష్టం. వారికి రసాయనం పట్టించిన పైన్ గాని, తొడుగు కాంపోజిట్ గాని చాలు. డెక్ కింద గది ఉంటే వినైల్ పొర కావాలి, పలకలు ఒక్కటే ఆ పని చేయవు. పాత డెక్ మీద పలకలు మాత్రం మార్చాలనుకునేవారు ముందుగా లెడ్జర్, జాయిస్టులు, దిమ్మెలను అర్హత గల తనిఖీదారుతో పరీక్ష చేయించాలి. చట్రం కుళ్ళి ఉంటే ఉన్న డబ్బు ముందు దానికే వెచ్చించాలి. వినైల్ తరువాత కూడా వేయించుకోవచ్చు.